నాగర్‌కర్నూల్ దాకా ఉయ్యాలో

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున పదిన్నరకు గద్వాల నుంచి బయలుదేరాం. పదింటికే అనుకున్నాం గానీ, నయీం కారు పదిన్నరకు అనుకుంది. కారులో ముగ్గురం: నడిపే నా దోస్తు నయీం, పక్కన నేను, వెనక సీట్లో మా పెద్దమ్మ యాదమ్మ. ఆమె ఒళ్లో గునుగు పూల సంచి, చేతిలో రుమాలు చుట్టిన బొటనవేలంత మ్యూజిక్ ప్లేయర్. పోవలసింది నాగర్‌కర్నూల్, పెద్దమ్మ పుట్టిల్లు. పొద్దు గూకేలోపు చేరాలి.

ఎందుకంత తొందరో చెప్పాలి. ముప్పై ఏళ్లుగా ఆ పుట్టింటి వాడకట్టులో సద్దుల నాడు పాట ఎత్తేది మా పెద్దమ్మే. ఆమె ఒక వరుస ఎత్తితే, చుట్టూ తిరిగే ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. మొన్న ఎండాకాలం ఆమె మెడలో గడ్డ తీశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది. మెల్లగా వస్తుందని దవాఖానలో చెప్పారు. ఎంత మెల్లగానో చెప్పలేదు. ఇప్పుడు ఆమె మాట్లాడితే గోనెసంచిని నేల మీద ఈడ్చినట్టు ఉంటుంది. ఈ పోలిక నాది కాదు, ఆమెదే.

ఆపరేషన్‌కు ముందు, గద్వాలలో పెళ్లి వీడియోలు తీసే ఒకతని రికార్డింగ్ గదిలో పద్నాలుగు పాటలు పాడి పెట్టుకుంది. మా గల్లీ ఆడవాళ్లు నలుగురు పక్కన నిలబడి ఉయ్యాలో అన్నారు. అతను వాటిని ఈ ప్లేయర్‌లో వేసిచ్చి, కంప్యూటర్‌తో సహా ఊరు మారిపోయాడు. ప్లేయర్‌ను కంప్యూటర్‌కు తగిలించే మూతి విరిగింది. ఇక ఆ పాటలు బయటికి రావాలంటే ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఒక్కటే దారి.

వారం కిందట పెద్దమ్మ తమ్ముడి భార్య అనసూయత్త ఫోన్ చేసింది. “వదినా, నీకు గొంతు లేకపాయె. ఈయేడు డీజే మాట్లాడినం. నువ్వొచ్చి కుర్చీల కూసో, సాలు.”

పెద్దమ్మ ఫోన్ నాకిచ్చి నెమ్మదిగా చెప్పింది. “నా పాట కారుల పెడ్త అని చెప్పు.”

అనసూయత్త అటు నుంచే బేరం పెట్టింది. “మంచిది. మీ పాట నడిసినంతసేపు మీదే. ఆగిందంటే మాత్రం డీజే నడుస్తది.”

నయీం కారు వాళ్ల నాన్నది. దాని స్టీరియోలో రేడియో ఉంది, క్యాసెట్ పెట్టే నోరు ఉంది. అంతకుమించి ఏమీ లేదు. అయినా నయీం ధైర్యంగా, సిగరెట్ లైటర్ రంధ్రంలో గుచ్చే ఒక పరికరం తెచ్చాడు. ప్లేయర్ వైరు దానికి తగిలిస్తే అది చిన్న రేడియో స్టేషన్‌లా పాటను గాలిలోకి వదులుతుంది, కారు రేడియో పట్టుకుంటుంది. ఊరు దాటేదాకా బాగానే పట్టుకుంది. తర్వాత రాయచూరు వైపు నుంచి ఒక కన్నడ గొంతు వచ్చి పెద్దమ్మ పాట మీద కూర్చుంది.

“ఏమంటుండురా వాడు?” అంది పెద్దమ్మ.

“పల్లిచేనుకు తెగులు తగిలితే మందు కొట్టమంటుండు, పెద్దమ్మా.”

“కొట్టమను. జర నా పాట అయినంక కొట్టమను.”

పదకొండుంబావుకు ఎర్రవల్లి చౌరస్తాలో చాయ్ తాగాం. అక్కడి నుంచి హైవే. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతోంది. వంతెన మీద అందరూ చేసినట్టే కిటికీలోంచి నదిలోకి రూపాయి బిళ్ల వేయబోయాను. అది కారు అద్దానికి తగిలి సీటు కిందకు పోయింది. గంభీరమైన ఘట్టాలు నాకు అచ్చిరావు. పెబ్బేరు దాటేసరికి రైతుల కార్యక్రమం అయిపోయి కన్నడ వార్తలు మొదలయ్యాయి. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నిద్ర కాదు, కోపం.

పన్నెండున్నరకు వనపర్తి. అక్కడ కార్లకు స్టీరియోలు బిగించే ఖాజా చాచా దుకాణం నయీంకు తెలుసు. చాచా భోజనానికి పోయాడు, రెండింటికి వస్తాడన్నారు. మేమూ పక్కనున్న మెస్‌లో తిన్నాం. పప్పు బాగుంది, చారు నీళ్లకంటే కొద్దిగా ఎర్రగా ఉంది. పెద్దమ్మ మాత్రం పెరుగన్నం నాలుగు ముద్దలు తిని గడియారం చూస్తూ కూర్చుంది.

రెండుంబావుకు చాచా వచ్చాడు. ప్లేయర్‌ను, స్టీరియోను మార్చి మార్చి చూశాడు.

“ఇదేమో చెవుల పెట్టుకునేది. అదేమో క్యాసెట్ మింగేది. ఒకదాని మాట ఒకదానికి తెల్వదు. నడుమల దుబాసి కావాలె.”

సొరుగులన్నీ వెతికి, తోకలాగా వైరు వేలాడే ఒక క్యాసెట్ తీశాడు. వైరు చివర ప్లేయర్‌లో, క్యాసెట్ స్టీరియో నోట్లో. అంతే. పెద్దమ్మ గొంతు కారులోంచి దుకాణంలోకి, దుకాణంలోంచి రోడ్డు మీదికి దూకింది. పూలు కొంటున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు.

పెద్దమ్మ చాలాసేపు విన్నది. నేను భుజం మీద చెయ్యి వేద్దామా అనుకునేలోపు ఆమే అంది. “గింత గట్టిగ ఒర్రేదాన్నారా నేను? మీ పెదనాయిన ఎట్ల ఓర్సుకున్నడో.”

చాచా నూటయాభై తీసుకున్నాడు. వైరు పాతది, జర పైలం అని కూడా చెప్పాడు. అది విన్న పది నిమిషాలకే మరిచిపోయాం.

మూడున్నరకు గోపాల్‌పేటలో నీళ్ల సీసా కొనడానికి ఆగాం. ఎక్కుతూ నేను తలుపు గట్టిగా వేశాను. పక్కకు వేలాడుతున్న వైరు తలుపులో పడింది. తీసి చూస్తే తెగలేదు, పైన తోలు మాత్రం నలిగింది. మళ్లీ పెట్టాం. కాసేపు నిశ్శబ్దం. తర్వాత నలుగురు ఆడవాళ్లు “ఉయ్యాలో” అన్నారు. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ “ఉయ్యాలో”. పెద్దమ్మ గొంతు ఎక్కడా లేదు. గద్వాల ఆడవాళ్లు ఎవరూ పాడని పాటకు బుద్ధిగా అందుకుంటున్నారు.

“నన్నొక్కదాన్నే ఎట్ల దింపింది ఇది?” అంది పెద్దమ్మ.

నయీం చాచాకు ఫోన్ చేశాడు. చాచా పెద్దగా నవ్వి చెప్పాడు. “రెండు చెవులకు కలిపి ఒక్క వైరు వాపస్ పోతది. అది తెగింది. గట్ల తెగితే రెండు దిక్కుల ఒకే తీరుగ వచ్చేది ఒకదాన్నొకటి కొట్టుకొని మాయమైతది. అమ్మను నడుమల పెట్టి రికార్డ్ చేసిన్రు, పోయింది. పక్కలకు పెట్టినోళ్లు మిగిలిన్రు. తెగిన కాడ బొటనవేలుతోని ఒత్తి పట్టు, వస్తది. వదిలితే పోతది.”

ఒత్తాను, పెద్దమ్మ వచ్చింది. వదిలాను, పోయింది. వెనక్కి పోయి బాగుచేయించుకుంటే చీకటి పడుతుంది. “నీ ఏలు ఉన్నది గద, నడువు” అంది పెద్దమ్మ. తప్పు నా చేతిది కాబట్టి శిక్ష కూడా దానికే పడింది.

సరిగ్గా ఐదుకు నాగర్‌కర్నూల్ చేరాం. ఆటోల మధ్య పావుగంట ఇరుక్కున్నాం. వాడకట్టు వెనక బడి మైదానంలో అప్పటికే పదిహేను బతుకమ్మలు పెట్టారు. ఒక మూల మనిషెత్తు డీజే డబ్బాలు. వాటి యజమాని కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పట్టుచీరలో అనసూయత్త ఎదురొచ్చింది.

“వచ్చినవా వదినా! ఏది, నీ పాట ఏ డబ్బాల ఉన్నది?”

పెద్దమ్మ రుమాలు విప్పి ప్లేయర్ చూపించింది. అనసూయత్త దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, “గిదా? మా మనవడు మింగుతడు దీన్ని” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

కారును దగ్గరకు తెచ్చి నాలుగు తలుపులూ తెరిచాం. నేను ముందు సీట్లో కూర్చుని వైరు ఒత్తి పట్టాను. పెద్దమ్మ గొంతు మైదానమంతా పరుచుకుంది. బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ల వలయం కదిలింది. నేను గెలిచామనుకున్నాను. రెండో పాటలో గమనించాను, వలయం నెమ్మదించింది. కొందరు ఆగి ఫోన్లు తీసి కారును వీడియో తీస్తున్నారు. ఒకామె, “యాదక్క గొంతు ఎంత మంచిగుండెనే పాపం” అంది. ఉయ్యాలో కూడా కారే అంటోంది కాబట్టి ఎవరూ నోరు తెరవడం లేదు. ఇంకో రెండు పాటలైతే డీజేకు, మాకు తేడా ఏమీ ఉండదు, మా శబ్దం తక్కువ అన్నది తప్ప.

మూడో పాట మొదలయ్యేసరికి పెద్దమ్మ వలయం వదిలి కారు దగ్గరకు వచ్చింది.

“తియ్” అంది.

“ఏం తియ్యాలె?”

“ఏలు తియ్.”

“తీస్తే నువ్వు పోతవు పెద్దమ్మా. పాట ఆగిందంటే డీజే పెడ్తరు.”

“పోనీ. తియ్రా.”

తీశాను. ఆమె గొంతు వరుస మధ్యలో మాయమైంది. “ఉయ్యాలో” అంది కారు. ఖాళీ. డీజే అతను కాలు దించి లేచాడు. “ఉయ్యాలో” అంది కారు. మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ ఒక వరుసంత పొడుగే, కానీ నాకు వనపర్తిలో చాచా కోసం ఆగినంతసేపు అనిపించింది.

“గట్టు మీది తంగేడు...”

పాడింది ఎవరో కాదు, అనసూయత్త. ఇరవై ఏళ్లుగా పెద్దమ్మ వెనకే నడిచిన మనిషి. ఖాళీ కనిపించగానే నోరు దానంతటదే తెరుచుకుంది. తాను పాడుతున్నానని రెండో వరుసకు తెలిసింది, సిగ్గుపడి ఆపేసింది. అప్పటికే ఇంకొకామె అందుకుంది. ఆమెకు రాని మాట మూడో ఆమె అందించింది. తప్పు వరుస పడితే పెద్దమ్మ చెయ్యెత్తేది, సరైనది దొరికేదాకా దించేది కాదు. కాసేపటికి “ఉయ్యాలో” కారులోంచి వస్తోందో వలయంలోంచి వస్తోందో తెలియలేదు. నయీం స్టీరియో ఆపేశాడు. ఎవరూ గమనించలేదు. డీజే అతను మళ్లీ కూర్చుని ఎవరో ఇచ్చిన నువ్వుల సద్ది తిన్నాడు. పని లేకుండా మాట్లాడుకున్న పైసలు వస్తున్నందుకు ఆ మైదానంలో అందరికంటే సంతోషంగా ఉన్నది అతనే.

ఆ రాత్రి అనసూయత్త ఇంట్లోనే పడుకున్నాం. పొద్దున ఎనిమిదిన్నరకు తిరుగు ప్రయాణం. ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: గోపాల్‌పేట రోడ్డు మంచిదే, వనపర్తిలో చారు మానండి, కారు తలుపు మెల్లగా వేయండి. బతుకమ్మ నాడు పోతే కిటికీలు దించి పొండి. ప్రతి ఊరిలో మిగిలిన తంగేడు వాసన వస్తుంది.

పెబ్బేరు దగ్గర ఫోన్ మోగింది. అనసూయత్త. అందరికీ వినపడేలా పెట్టాను.

“వదినా, మూడో పాటల తంగేడు అయినంక ఏం పువ్వు వస్తది? పొద్దటిసంది నేను, పక్కింటామె కొట్లాడుతున్నం.”

పెద్దమ్మ నా చెవి దగ్గరకు వంగింది. “మర్చిపోయిందట అని చెప్పు.”

“నీకు యాదికున్నది గద?” ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి అడిగాను.

“ఉన్నది. చెప్పకు.”

మర్చిపోయిందటనే చెప్పాను. అటువైపు అనసూయత్త గొంతు సవరించుకుని, తానే కట్టిన వరుస ఎత్తింది.

“వెంచర్లల్ల మిగిలిన గునుగు పువ్వు...”

“ప్లాట్లు కొట్టి అమ్మే వెంచర్ ఏందే, బతుకమ్మ పాటల?” అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. ఒక నిమిషం ఆలోచించింది. “నిజమే తియ్. ఇప్పుడు గునుగు గాడనే దొరుకుతది.”

ఫోన్‌లో అనసూయత్త అందుకునేవాళ్లు లేక ఆగి ఉంది. ముప్పై ఏళ్లు పాట ఎత్తిన మా పెద్దమ్మ ముందు సీటు మీదికి వంగి, ఉన్న గొంతుతోనే, తనకు ఎన్నడూ అలవాటు లేని ఆ ఒక్క మాట అంది.

“ఉయ్యాలో.”