పంజా పన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో దెబ్బలకు ఏనాడూ కరువు లేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. మా నాయిన చేతిలో పొద్దస్తమానం ఇనుప పంజా ఉండేది. మనిషి వేళ్లలా వంగిన పళ్లతో, అడ్డపోగులను దబదబా కొట్టి దగ్గరికి చేర్చే పనిముట్టు అది. కొట్టీ కొట్టీ ఆయనకు ఎంత అలవాటైందంటే, మగ్గం మీంచి లేచాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు. అన్నంలో రాయి తగిలితే అమ్మకు పడేది. బడిలో మొట్టికాయ తిన్నానని తెలిస్తే దాని మీద ఇంకోటి నాకు పడేది. నేనూ తక్కువదాన్నేం కాదు. మా గల్లీలో నా చేతి దెబ్బ తినని పిల్లలు లేరు.

ఆ ఇంట్లో చెయ్యెత్తని వాళ్లు ఇద్దరే, ఒకరు మా నాయిన తండ్రి, మా తాత. రెండో ఆయన మాతోనే ఉండే మా అమ్మ తమ్ముడు. మా మామ ఖిలా వరంగల్‌లో రాతి తోరణాల దగ్గర నిలబడి, చూడటానికి వచ్చినవాళ్లకు ఫొటోలు తీసేవాడు. ఆయనది ఎవరో వాడి వాడి అమ్మేసిన మడత కెమెరా. మూత తెరిస్తే ముందరి అద్దం, కొలిమితిత్తిలాంటి నల్లటి తోలు ముడతలతో సహా బయటికి వచ్చేది. అన్నం తినే ముందు కూడా దాన్ని ఒకసారి తుడిచి పక్కన పెట్టుకునేవాడు.

ఒకరోజు మామ ఒక పెళ్లివారికి తోరణాల కింద ఫొటోలు తీసి వచ్చాడు. అందరి ముఖాలూ ఆ డబ్బాలోనే ఉన్నాయని చెప్పాడు. ఉంటే చూడొచ్చు కదా అనుకున్నాను. నేతగాళ్ల ఇంటి పిల్లను, చుట్టలో ఏముందో తెలియాలంటే విప్పి చూడాలన్న సంగతే నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే కెమెరా వెనక తలుపు తీసి, వాకిట్లో ఎండలో, నూలు చుట్ట విప్పినట్టు రీలంతా విప్పాను. ఒక్క ముఖమూ కనిపించలేదు. మళ్లీ ఎలాగో చుట్టి లోపల కుక్కేశాను.

మామ కెమెరా తలుపు తీసి చూసి తెల్లబోయాడు. ఎండ తగిలితే రీలు మీది ఫొటోలన్నీ పోతాయని నాకేం తెలుసు. నన్ను అడిగితే ముట్టనే లేదన్నాను. నువ్వే ముట్టావు అని ఆయన, లేదని నేను. చివరికి, జీవితంలో మొదటిసారి, మా మామ నా చెంప మీద కొట్టాడు. మా నాయిన చేతిలో తిన్నవాటితో పోలిస్తే అది దెబ్బే కాదు. అయినా ఇల్లదిరిపోయేలా ఏడ్చాను.

మా నాయిన మగ్గం మీంచి పంజాతో సహా లేచి వచ్చాడు. నన్ను కొట్టే హక్కు తనకొక్కడికే ఉందని ఆయన నమ్మకం. పంజా పైకెత్తి నా వైపు చూశాడు.

"ముట్టినవా బిడ్డా?"

"ముట్టలే నాయినా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో పంజా దిగింది. మామ తల కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిలోనే కెమెరా ఉంది. ఎముక విరిగిన చప్పుడు, కెమెరా బండ మీద పడ్డ చప్పుడు ఒకేసారి వినిపించాయి. మామ ఎడమ పిడికిలితో మా నాయిన మూతి పగలగొట్టాడు. అడ్డం వచ్చిన అమ్మను ఎవరు తోశారో తెలియదు, గడపకు తగిలి నుదురు చిట్లింది. సగం నేసిన తెల్లటి జంపఖానా మీద ముగ్గురి నెత్తురూ చిందింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది.

మామ దవాఖానకు పోయి, రెండు వేళ్లకు కట్టు కట్టించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు గానీ గడప తొక్కలేదు. కెమెరా ఇస్తే సాయంత్రం బండికి తన సొంతూరు డోర్నకల్ పోతానని, ఇక ఈ ఇంటి ముఖం చూడనని అరుగు మీద కూర్చున్నాడు. అరుగు రెండో కొసన మా నాయిన, వాచిన మూతితో. అమ్మకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. ఆమె లోపల నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

తాత లోపలి గదిలో కెమెరా ముందేసుకుని కూర్చున్నాడు. తోలు చిరిగింది, అద్దాన్ని నిలబెట్టే కడ్డీ ఒకటి విరిగింది. పాత గొడుగు గుడ్డ కత్తిరించి, చింతగింజల జిగురుతో తోలుకు అతికించాడు. వెలుతురు ఇంకా ఎక్కడ దూరుతుందో చూడాలని, నన్ను పిలిచి ఇద్దరి మీదా ఒక జంపఖానా కప్పి, కెమెరా లోపల టార్చి వెలిగించాడు. చీకట్లో కనిపించిన ప్రతి చుక్కా నేను చూపిస్తుంటే ఆయన సుద్దతో గుర్తు పెట్టాడు.

"మామ ఊర్కె కొట్టెటోడు కాదు. ఏం చేసినవ్?" అన్నాడు మెల్లగా.

చెప్పేశాను. ఆయన టార్చి ఆర్పేశాడు.

"నాకు చెప్తె ఏమొస్తది? ఇద్దరు బయట్నే కూసున్నరు. పోయి చెప్పు."

ఆ గది నుంచి అరుగు దాకా పది అడుగులుంటాయేమో. అంత దూరం నేను మళ్లీ ఎన్నడూ నడవలేదు. చెప్పాను. మా నాయిన లేచి నా జుట్టు పట్టుకున్నాడు. కట్టు కట్టిన చేత్తోనే మామ ఆయన్ని ఆపాడు.

"చాలు బావా. ఈ పొద్దుకు చాలు."

అప్పుడు తాత బయటికొచ్చి పంజా అడిగాడు. దసరాకు కడిగి బొట్టు పెట్టే పంజా అది, తాత నుంచే మా నాయినకు వచ్చింది. దాని చివరి పన్ను ఊడబీకి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మేకుతో బెజ్జం వేసి, ఆకురాయితో అరగదీసి కెమెరాకు కడ్డీ చేశాడు. మా నాయిన పక్కనే నిలబడి చూశాడు. అద్దం నిటారుగా నిలబడ్డాక తాత ఆయన వైపు తిరిగాడు.

"దీనికి పన్ను పెట్టిన. వాని వేళ్లకు ఏం పెడ్తవ్ రా?"

మా నాయిన పన్ను పోయిన పంజా తీసుకుని లోపలికి పోయాడు. మామ ఆ సాయంత్రం బండెక్కలేదు. ఆ రోజుతో మా నాయిన మారిపోయాడంటే అబద్ధమవుతుంది, తర్వాత కూడా చెయ్యెత్తాడు. కానీ కొత్త పంజా మాత్రం కొనుక్కోలేదు. పన్ను లేనిచోట పోగు వదులవుతుంటే, అక్కడ రెండోసారి కొడుతూ బతికినంత కాలం దానితోనే నేశాడు.

మామ వేళ్లు మళ్లీ వంగలేదు. మొన్నామధ్య మా ఇంటికి వచ్చినప్పుడు ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని నా మనవరాలికి ఫొటో తీశాడు. చూస్తుంటే నాకు ఉండబట్టలేదు. ఇన్నేళ్లలో నా మీద ఎప్పుడూ కోపం రాలేదా అని అడిగాను.

"నువ్వు చెప్పినవ్ కద బిడ్డా. జర ఆలస్యమైంది, అంతే" అన్నాడు.

నన్ను ఓదార్చాలనే ఆ మాట అన్నాడు పాపం. ఆ జర ఆలస్యాన్నే నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.