తెర మీద మా పాప లంచ్ బాక్సు

తెర మీద "బుధవారం" అని ఎంచగానే కింది గడిలో "నిమ్మకాయ పులిహోర, అప్పడం ముక్కలు" అని వచ్చింది. పేజీ కదల్లేదు. "గురువారం" నొక్కితే అది "బెండకాయ వేపుడు"గా మారింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ గుమ్మంలో చెప్పులు విప్పుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. అవి మా పాప లంచ్ బాక్సులో నేను పెట్టే వంటలు.

ఫారంలో ఒక గడి మారిస్తే, కింది గడి డేటాబేస్ నుంచి సమాచారం తెచ్చుకుని తనంతట తానే మారాలి. పంజగుట్టలో మా ఇంట్లో, పిల్లలు పడుకున్నాక, ఆ ప్రోగ్రాం నా డెమో క్లాసు కోసం నేను రాసుకున్నది. పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదో ఒక సమాచారం కావాలి కదా, వంటింట్లోంచే తీసుకున్నాను.

పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన నాకు మళ్లీ పనిలోకి వెళ్లే దారిగా ఈ సెంటర్లో సాయంత్రం బ్యాచ్‌కు పాఠాలు చెప్పే పని ఒక్కటే దొరికింది. ఇక్కడ ముందు ఉచితంగా డెమో క్లాసు చెప్పాలి. విద్యార్థులకు నచ్చి చేరితే బ్యాచ్ మనది. నా డెమో సోమవారం. ఆ గది చూసుకుందామనే నిన్న వెళ్లాను.

ప్రొజెక్టర్ పక్కన నిలబడి పాఠం చెబుతున్నది అక్క. మధురానగర్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటి నుంచి అలాగే పిలుస్తాను. మా పిల్లలకు పెద్దమ్మ, ఆదివారాలు వాళ్లింట్లోనే గడుస్తాయి. ఒకసారి చూసిపెట్టమని నా ప్రోగ్రాం కోడ్ అంతా ఆమెకే పంపాను.

"గిది నేను చేసిన రియల్ టైమ్ ప్రాజెక్ట్," అంటోంది.

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మేడమ్, టకటక రోజులు మారిస్తే పాత జవాబు లేటుగొచ్చి కొత్తదాని మీద కూసోదా?"

ఆమె దిక్కులు చూసింది. ఆ చూపు నా మీద పడింది. సిగ్గుపడుతుందనుకున్నాను. నవ్వింది.

"మా జూనియర్ వచ్చింది. చెల్లె, జర నువ్వు చెప్పు."

చెప్పాను. అడిగిన ప్రతిసారీ ఒక నంబరు వేసుకుంటాం, చివరి నంబరుకు వచ్చిన జవాబే చూపిస్తాం, మిగతావి వదిలేస్తాం అన్నాను. క్లాసయ్యాక చేరతామంటూ అందరూ ఆమె చుట్టూ మూగారు.

మెట్ల దగ్గర ఆమే అంది, "సాయంత్రం బ్యాచ్ సెంటర్ సార్ నాకిచ్చిండు. ఫికర్ చేయకు. ఇద్దరు పిల్లలు నీకు, ఒకళ్లకు జ్వరమొస్తే క్లాసెవరు చెప్తరు?"

"ఆ మాట సార్‌కి చెప్పింది నువ్వేనా అక్కా?"

"అబద్ధం చెప్పిన్నా?"

చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.

ఈ ఉదయం జడ వేయించుకుంటూ పాప అడిగింది, "సోమవారం నుంచి నువ్వు టీచర్‌వి కదమ్మా?" పక్కనే తమ్ముడు రిబ్బన్లు పట్టుకుని నిలబడ్డాడు. క్లాసులకు సెలవులని చెప్పేద్దామనుకున్నాను. జడకు రిబ్బను ముడి వేసి పాపను నా వైపు తిప్పుకున్నాను.

"కాదు. నా పాఠం పెద్దమ్మ తీసేసుకుంది. నన్ను అడగలేదు," అన్నాను. "మీవల్ల అమ్మకు పని పోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆదివారం మనం పెద్దమ్మ ఇంటికి వెళ్లడం లేదు."