కిల్కీ కొండ అంచున, రెండోసారి

కిందటి ఏడాది మే నెలలో, ఐర్లండ్ పడమటి తీరంలోని కిల్కీలో కొండ అంచు నడకను సగంలో ఆపేసి వెనక్కి వచ్చాను. కారణం భయం, ఇంకేమీ కాదు. కుడి పక్క సముద్రం, మధ్యలో కంచె లేదు, గాలి కొంగు లాగినట్టు లాగుతోంది. కాళ్ళు కదలక గడ్డి మీద కూలబడ్డాను. మా అమ్మాయి సహన పక్కనే నిలబడి, "ఇట్స్ గ్రాండ్, అమ్మా" అంది. అప్పుడు దానికి పదమూడేళ్ళు. ఐర్లండ్ పిల్లలకి గ్రాండ్ అన్న మాట ఉప్పు లాంటిది, బాగున్నా వేస్తారు, బాగోకపోయినా వేస్తారు. ఆ తర్వాత ఏడాదంతా ఎక్కడికి వెళ్ళాలన్నా అది వాళ్ళ నాన్ననే అడిగింది. నా వల్ల నడక పాడైందని మనసులో పెట్టుకుందనిపించి బాధేసింది.

అందుకే ఈ మేలో నేనే పూనుకుని అక్కడే ఒక గుడారం బుక్ చేశాను. ఈసారి దానితో చివరిదాకా నడవాలి. "వెళ్దామా?" అంటే, "షూర్, ఇఫ్ యూ వాంట్" అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

శనివారం పొద్దున ఏడింటికి మా ఇంటి దగ్గర చెర్రీవుడ్‌లో ట్రాము ఎక్కాం. దాన్ని ఇక్కడ లువాస్ అంటారు. ఊరి మధ్యలో ఎర్ర లైనుకి మారి హ్యూస్టన్ స్టేషన్ చేరేసరికి ఎనిమిదిన్నర. రైలు టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, చవక. ఎన్నిస్ దాకా వెళ్ళాలి, లిమరిక్‌లో రైలు మారాలి. మా వారికి ఆ వారాంతం ఆఫీసు డ్యూటీ పడింది కాబట్టి ఇద్దరమే బయల్దేరాం.

రైలు కదిలిన గంటకి పులిహోర డబ్బా మూత తీశాను. ఎదురు సీట్లోని అబ్బాయి తల తిప్పాడు.

"తెలుగోళ్ళా అక్కా?"

కర్నూలు అబ్బాయి. లిమరిక్‌లో ఆసుపత్రి డాక్టరు. "వద్దక్కా, వద్దక్కా" అంటూనే రెండుసార్లు పెట్టించుకున్నాడు. కిల్కీ వెళ్తున్నామని చెబితే చెయ్యి ఆపాడు. "గాలి చూస్కోండక్కా. ఆడ గాలి ఊరికే ఉండదు, మనిషిని నూకుతాది." సహన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అతని వైపు చూసింది. మళ్ళీ పెట్టుకుంది.

ఎన్నిస్‌లో దిగేసరికి పన్నెండున్నర దాటింది. కిల్కీ బస్సు ఒకటిన్నరకి. బస్సులో బాత్రూమ్ ఉండదు, స్టేషన్‌లోనే ఆ పని చూసుకోవడం మంచిది. దారంతా పచ్చగడ్డి, రాతి గోడలు, ఆవులు, మళ్ళీ రాతి గోడలు. మూడింటికి సముద్రం కనిపించింది. బస్సు దిగి అరగంట నడిస్తే మా గుడారం ఉన్న పొలం.

గ్లాంపింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి: కష్టాలు తీసేసిన క్యాంపింగ్. గుండ్రటి కాన్వాసు గుడారం, లోపల చెక్క నేల, నిజమైన మంచాలు, దుప్పట్లు, చిన్న హీటరు. స్నానాల గది పక్కన షెడ్డులో. ఆ పొలం నోరా అనే అరవై ఏళ్ళావిడది. ఆవిడ టీ కెటిల్, పాలు, ఇంత లావు సోడా బ్రెడ్ ఇచ్చి వెళ్ళింది. నేను గుమ్మం ముందు బూట్లు విప్పి చెక్క మెట్టు మీద వరసగా పెట్టాను. సహన తనవి లోపలికి తెచ్చుకుంది.

"అమ్మా, నో వన్ డజ్ దట్ హియర్."

"బూట్లతో ఇంట్లోకొస్తారటే? మనమేమన్నా పశువులమా?"

మర్నాడు పొద్దున ఎనిమిదికి గుడారం తలుపు జిప్పు తీస్తే మెట్టు మీద ఒక్క బూటే ఉంది. కుడిదే ఉంది, ఎడమది లేదు. పొలమంతా వెతికాం. నోరా ముక్కు మీద వేలేసుకుని, అది తన కుక్క పనేనని చెప్పింది. ఇక్కడ ఎవరూ బూట్లు బయట వదలరట, పాపం కుక్కకి అది బహుమతి అనిపించి ఉంటుందట.

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల ప్రాణం లేచొచ్చింది. బూటు లేకుండా కొండ అంచున ఎవరు నడుస్తారు? నా భయం బయటపడకుండా నడక తప్పింది. ఇంతలో నోరా తన సొంత బూట్లు పట్టుకొచ్చింది. ఆవిడా నేనూ ఒకటే ఎత్తు. మెట్టు మీద కూర్చుని కాళ్ళు దూర్చాను. కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి.

"బిగుతుగా ఉన్నాయి" అన్నాను.

సహన నా కాళ్ళ వైపు చూసింది. "ఇట్స్ గ్రాండ్, అమ్మా. వీ కెన్ జస్ట్ గో ఫర్ చిప్స్."

అదే మాట, అదే గొంతు. ఇంకో ఏడాది ఆ గ్రాండ్‌ని మోయడం నా వల్ల కాదు.

"లేదే. సరిపోయాయి. నాకు భయమేసి అబద్ధం చెప్పా" అన్నాను.

నోరాకి తెలుగు రాదు కాబట్టి నవ్వుతూనే నిలబడింది. సహన చాలాసేపు లేసులు కట్టుకుంది. తర్వాత లేచి, "ఓకే. లెట్స్ గో దెన్" అంది.

పదింటికి ఊరి చివర కాఫీ దుకాణం దగ్గర మొదలుపెట్టాం. అక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల గుంటల్లో నీళ్ళు నిలిచి, పిల్లలు ఈత కొడతారు. మొదటి అరగంట సిమెంటు దారి, ముసలివాళ్ళు కుక్కల్ని తిప్పుతుంటారు. తర్వాత గడ్డి దారి పైకెక్కుతుంది. బండలు పొరలు పొరలుగా, దోసెల దొంతరలా పేర్చినట్టుంటాయి. కింద అలలు గుద్దే చప్పుడు కాళ్ళకి తెలుస్తుంది. నిరుడు నేను కూలబడ్డ చోటు రాగానే గుర్తుపట్టాను. వెనకనుంచి సహన నా బ్యాగు పట్టీ పట్టుకుంది, గట్టిగా. ఇంత పిల్లకి నన్ను కాయాలనిపించిందే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు కనిపించే నాలుగడుగుల గడ్డి తప్ప ఇంకేమీ చూడకుండా నడిచాను. ఆ వంపు దాటడానికి పది నిమిషాలు పట్టిందేమో, అది పట్టీ వదల్లేదు.

దాటాక దారి వెడల్పయింది. సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ బండ దీవి, దాని పైన పాత రాతి గుడిసె శిథిలం. అక్కడ ఎవరో సన్యాసులు ఉండేవారట. ఎలా ఎక్కారో! కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. వెనక్కి వచ్చేది రోడ్డు మీదుగానే, భయం లేదు. మొత్తం మూడు గంటలు. పొలానికి వచ్చేసరికి నా ఎడమ బూటు దొరికింది, లేసులు మాత్రం లేవు.

మధ్యాహ్నం బస్సు, ఎన్నిస్, లిమరిక్. హ్యూస్టన్ రైలు సగం ఖాళీ. సహన కిటికీలోకి చూస్తూ ఉన్నట్టుండి, "లాస్ట్ ఇయర్ ఐ వాజ్ స్కేర్డ్ టూ" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు మెల్లగా ఇంగ్లీషులోనే చెప్పింది. నిరుడు నేను కూర్చోగానే, ఇక ముందుకి నడవక్కర్లేదని తనకి సంతోషమేసిందట. తప్పంతా నా మీద పడిందని సిగ్గేసి, ఆ తర్వాత నాతో ఎక్కడికీ రావాలనిపించలేదట. పొద్దున నేను నిజం చెప్పేదాకా చిప్స్ తిని వెళ్ళిపోదామనే ఆశపడిందట.

"మరి నా బ్యాగు పట్టుకుని నన్ను నడిపించావు కదే?"

"నో, అమ్మా." నా భుజం మీద తల పెట్టింది. "నిన్ను కాదు. నేను పడిపోతాననే పట్టుకున్నా."