సీటులో సంచి

అనంతపురంలో ధర్మవరం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ ఎండలో ఎవరి ఒళ్లూ తగలకూడదని బైబిలు సంచిని పక్క సీటులో పెట్టాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో పంతొమ్మిదో రోజు, ఉపవాసం. ఒంట్లో ఓపిక లేదు.

మిగతా సీట్లన్నీ నిండాయి. ముందు సీటులో ఒకతను ఫోన్లో అరుస్తున్నాడు. అతని మూడో బోరులోనూ దుమ్మే వచ్చిందట. బోరు బండివాణ్ణి బూతులు తిడుతున్నాడు. బత్తలపల్లె వచ్చేలోగా పదకొండు బూతులు లెక్కపెట్టాను. ఏ లెక్కైనా డైరీలో రాసుకోవడం నాకు అలవాటు.

"దేవుణ్ణి ఎరగని నోరు ఇట్లే ఉంటాది. కడుక్కో నాయనా" అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. బత్తలపల్లెలో ఒక ముసలామె మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కింది. అతను వెంటనే లేచాడు.

"ఈడ కూచో అవ్వా."

తర్వాత నా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నా నోరు మంచిది కాదు పెద్దమ్మా, నిజమే. నీ సంచికి గూడా మోకాళ్లు నొస్తాండాయా?"

ఆదివారాలు మా చర్చి సంఘంలో స్త్రీలకు పొరుగువారిని ప్రేమించడం గురించి పాఠం చెప్పేది నేనే. సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అతను కూర్చుని, రెండు నిమిషాల్లో నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయాడు. నిద్రలో ఇంకో బూతు గొణిగాడు. దాన్ని లెక్కలో వేయలేదు.

ఇంటికొచ్చి డైరీలో తేదీ వేశాను. దాని కింద పదకొండు అని రాయలేదు. సంచి అని రాసుకున్నాను.