మేడం ఒప్పుకోని రిపోర్టు

మా మేడం పోయారని ఫోన్ వచ్చేటప్పటికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. "ఎక్కడికి పోనివ్వమంటారండీ?" అని డ్రైవరు మళ్లీ మళ్లీ అడిగితే గానీ వినపడలేదు. ఆసుపత్రికి అనాలో, వాళ్లింటికి అనాలో తోచలేదు.

ఆయుర్వేద కాలేజీలో ఆవిడ నాకు పాఠం చెప్పారు. రిటైరయ్యాక కూడా మా పరిశోధనలు దిద్దేవారు. మోకాళ్ల నొప్పులకు మేమిచ్చిన కషాయం పనిచేసిందా లేదా అన్న రిపోర్టు ఆవిడ బల్ల మీద ఉండగానే మంచాన పడ్డారు.

ఆవిడ దిద్దడమంటే మామూలు సంగతి కాదు. "వేరా, బెరడా? ఎక్కడ కొన్నారు? ఎంతసేపు కాచారు? ఇవి రాయకపోతే చదివినవాడు ఏం కాచుకోవాలమ్మా, మన సంతకమా?" పెళ్లి భోజనాల్లో ఎవరైనా పక్కన కూర్చుని ఫలానా ఆకుతో షుగరు తగ్గిందంటే, ఆవిడ ప్రశ్నలకు పాపం వాళ్ల విస్తట్లో అన్నం చల్లారిపోయేది. మందు మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "అసలు సంగతి తెలిసేది వాళ్లకే కదా" అనేవారు.

అన్నిటికంటే "బాగుందండి" అన్న మాటంటే ఆవిడకు అనుమానం. "మనవాళ్లకు మొహమాటం ఎక్కువమ్మా. ఎదురుగా నిలబడి తగ్గిందా అంటే, లేదని ఏ నోటితో అంటారు? మెట్లెక్కుతున్నారేమో చూడు. కింద కూర్చుని లేస్తున్నారేమో చూడు." రిపోర్టు పత్రికకు పంపేముందు, కషాయం తీసుకున్న అందరి ఇళ్లకూ ఒకసారి వెళ్లి రమ్మని ఆసుపత్రిలో చెప్పారు. నాకు చెప్పిన చివరి పని అదే.

నాతో పనిచేసే డాక్టరుగారికి అంత ఓపిక లేదు. పెద్దకర్మ అయిన మర్నాడే ఫోన్ చేశారు. "ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆగామండీ. ఇంకా దేనికి? పంపేద్దాం." పంపేస్తే, పనిచేస్తుందని నమ్మి ఆ కషాయం ఎంతమంది తాగుతారో. నాకు కోపం వచ్చింది. ఆయన మీదో, నన్నిలా మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన మేడం మీదో తెలియదు. కూర్చోలేక, పడుకోలేక, నిన్న గుణదల బయల్దేరాను.

అక్కడ ఒక పెద్దావిడకు కషాయం సీసాలు మేడమే స్వయంగా ఇచ్చారు. మా రిపోర్టులో ఆ పెద్దావిడ, నొప్పి బాగా తగ్గినవాళ్లలో ఉంది. నన్ను చూసి "బాగుందండి, బానే ఉందండి" అంటూ గోడ పట్టుకుని లేచింది. నేను అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి తనే లోపలికెళ్లి సీసాలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కటి తప్ప దేనికీ మూత తీయలేదు.

"వాసనకే కడుపులో తిప్పేసిందండీ. అంత ప్రేమగా ఇచ్చారు, వద్దని ఎలా అంటాం? పెద్ద మేడంగారికి మాత్రం చెప్పకండి, బాధపడతారు" అంది.

మేడం పోయిన సంగతి ఆ పెద్దావిడకింకా తెలియదు. సీసాలు ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుంటూ, "చెప్పనులెండి" అన్నాను.