రోజుకు ఒక్క రుద్దు

మా ఆయన బద్ధకస్తుడని మిరజ్‌లో ఎవరన్నా అంటే నేను పోట్లాటకొస్తాను. తెల్లారకముందే లేస్తాడు. మా తంబూరాల దుకాణం ఊడుస్తాడు, దూలానికి ఆరేసిన సొరబుర్రల బూజు దులుపుతాడు, తీగల చుట్టలు వరసగా మేకులకు తగిలిస్తాడు. పక్క దుకాణం వాకిలి కూడా ఊడ్చిపెడతాడు మహానుభావుడు. చెయ్యాల్సిన ఆ ఒక్క పనీ చెయ్యకుండా ఉండటానికే ఇన్ని పనులూ చేస్తాడు. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

తంబూరా అంతా తయారయ్యాక చివర్లో ఒక పని మిగులుతుంది. తీగలు ఆనుకునే ఎముక పలకను గుర్రం అంటాం. దాని వీపును ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీస్తేనే తీగ జుమ్మని పలుకుతుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే గొంతు పోతుంది. కొత్త గుర్రం వేసినా ఆ పాత గొంతు రాదు.

మా పెళ్లయిన ఏడాదికి మామగారు పోయారు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, ఆయన తంబూరాకు గుర్రం సరిచెయ్యబోయి మా ఆయన ఒక రుద్దు ఎక్కువ రుద్దాడు. అంతే, అది మూగబోయింది. దుప్పట్లో చుట్టి దూలానికి కట్టేశాడు. అప్పట్నుంచి ఎవరి తంబూరా వచ్చినా చివరి పని దగ్గర నెలల తరబడి ఆగిపోవడమే.

"రేపు చూద్దాంలే బానూ. ఇవాళ గాల్లో తేమ ఉంది."

మే నెలలో కూడా తేమేనమ్మా ఈయనకి!

సంగీతం చెప్పే వత్సలాతాయి గణపతి పండక్కి ముందు, మామగారు చేసిచ్చిన తన తంబూరా తెచ్చిచ్చింది. మా ఆయన్ని పాకే వయసు నుంచీ ఎరిగిన మనిషి.

"ఒరేయ్ బందూ, నా చెవులు పోతున్నాయిరా. ఎన్నాళ్లుంటాయో డాక్టరుకే తెలీదట. వినబడుతుండగా దీన్ని పలికించి ఇయ్యి నాయనా" అంది.

"దసరాకల్లా ఇచ్చేస్తా తాయీ" అన్నాడు.

దసరా వెళ్లింది. దీపావళీ వెళ్లింది. ఆమె వచ్చినప్పుడల్లా టీ తెప్పించడం, తేమ గురించి చెప్పడం. మూడోసారి వచ్చినప్పుడు నేను ఆమె ఎడమ పక్కన నిలబడి పలకరించాను. తల తిప్పలేదు. మళ్లీ పిలిచాను. ఊహూఁ.

ఆమె వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ, ఆవిడ చెవులు మీ తేమ ఆరేదాకా ఆగుతాయా? సిగ్గుండాలి!"

తిడతాడనుకున్నాను. ఆకురాయి కేసి చూస్తూ, "తేమ కాదే. భయం. దాన్ని పట్టుకుంటే మా అబ్బా తంబూరా కళ్ల ముందుకొస్తుంది" అన్నాడు. పన్నెండేళ్లలో ఆ మాట నోటితో అనడం అదే మొదలు. నా కోపమంతా ఎటు పోయిందో. పాపం, ఇంత భారం మోస్తూనా ఈ మనిషి ఊరి వాకిళ్లు ఊడ్చింది!

ఆకురాయి తీసుకుని కొంగున ముడేశాను. "రోజూ పొద్దున టీ కాగానే ఇస్తా. ఒక్క రుద్దు రుద్ది మళ్లీ నా చేతిలో పెట్టండి. రెండోది లేదు. అసలు మానడమూ లేదు."

"నువ్వెప్పుడయ్యావే నాకు ఉస్తాదువి?"

"ఇవాళ్టి నుంచే. కూర్చోండి."

మొదటిరోజు అరగంట గుర్రాన్ని తుడిచాడు, ఊదాడు, మళ్లీ తుడిచాడు. చివరికి చెమటలు కక్కుతూ ఒక్క రుద్దు రుద్దాడు. చెయ్యి చాపాను, ఇచ్చేశాడు. నాలుగోరోజు పాలు తెస్తానంటూ లేచాడు. "తెచ్చేశాను, కూర్చోండి" అన్నాను. తొమ్మిదోరోజు గొంతు విప్పడానికి తీగ కింద నూలుపోగు పెట్టి మీటాడు. జుమ్మంది. ఆయన మొహం చూడాలి!

"బానూ, ఇంకొక్కటి."

"రేపు."

ఈసారి రేపన్నది నేనే. ఇద్దరం నవ్వుకున్నాం.

పదకొండోరోజు ఆకురాయి చేతిలోకి తీసుకుని, రుద్దకుండానే తిరిగిచ్చాడు. "చాలు. ఇక ఒక్కటి కూడా వద్దు" అన్నాడు. ఆ వేళే తాయి ఇంటికి మోసుకెళ్లాం.

తాయి తంబూరాను ఒళ్లోకి తీసుకుని, కుడి చెవి దానికి ఆనించి, కళ్లు మూసుకుని మీటింది. చాలాసేపు మీటింది.

"మీ అబ్బా చేతి గొంతు కాదురా ఇది."

మా ఆయన మొహం పాలిపోయింది.

"నీ చేతిది. బాగుంది. ఇదీ మంచి గొంతే."

హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆమె తంబూరాను ఎడమ పక్కకి మార్చుకుని, ఆ చెవి ఆనించి మీటింది. మళ్లీ మీటింది. వేళ్లు ఆగిపోయాయి.

"గణపతి పండక్కి ఈ చెవి బాగానే పనిచేసేదిరా" అంది. నిష్ఠూరం లేదు, ఊరికే అన్నట్టే అంది. "పోనీలే, కుడిది ఉందిగా. టీ తాగి వెళ్లండి."

దారిలో నాకు ఏడుపొచ్చింది. తిట్టడానికి నాకు దీపావళి దాకా ఎందుకు పట్టిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేను టీ తెచ్చేసరికి దుకాణం ఊడ్చి లేదు. ఆయన నిచ్చెనెక్కి దూలానికున్న దుప్పటి మూట విప్పుతున్నాడు. మామగారి తంబూరాను కిందికి దించి, దుమ్ము తుడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. దానికి కొత్త గుర్రం వెయ్యాలి, ఆ పాత గొంతు ఇక రాదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

టీ చల్లారిపోతోందన్నాను. వినిపించుకోలేదు. నా వైపు చెయ్యి చాపాడు.

నేను కొంగు ముడి విప్పాను.