పింఛను ముందు రోజు గోరింటాకు

మా వీధిలో ముసలివాళ్ళ పింఛన్లన్నీ ఒక్క సాయంత్రంలో ఆపేసిన ఘనత ఏ ప్రభుత్వానికీ లేదు, నాకే ఉంది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేనైతే ఆ రోజు నవ్వలేదు.

అప్పుడు పెనుకొండలో డిగ్రీ చదువుతున్నాను. ఆషాఢం, అందులోనూ నెలాఖరు. గిన్నెడు గోరింటాకు రుబ్బి, నా చేతులకు పెట్టుకున్నాక మిగిలింది పారేయడానికి మనసొప్పలేదు. అవ్వ కనిపించింది. తాత పోయినప్పటి నుంచి ఆమె గోరింటాకు ముట్టలేదు.

"ముసలిదానికి గోరింటాకేందే? చూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వితే నవ్వనీలే అవ్వా. చెయ్యి చాపు."

కాసేపు గొణిగి, చాపింది. అరచేతిలో చందమామ, పది వేళ్ళకూ నిండుగా టోపీలు. అది చూసి పక్కింటి నాగమ్మవ్వ పోలియో కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. "ఏమే, మీ అవ్వకేనా చేతులుండేది?" ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. దీపాలు పెట్టే వేళకు మా అరుగు నిండా అవ్వలు చేతులు చాపుకొని, ముక్కు దురద పెడితే ఒకరినొకరు గోకమంటూ కూర్చున్నారు.

తెల్లారితే ఒకటో తేదీ అని ఇంత చదువుకున్న నాకు తట్టనే లేదు.

పొద్దున్నే సచివాలయం ఉద్యోగి మిషను పట్టుకొని వచ్చాడు. అవ్వ బొటనవేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. ఇంకో వేలు. ఊహూఁ.

"ఏమవ్వా, ఈ వేళ్ళు నీవేనా?"

"నావే నాయనా, పుట్టినప్పటి నుంచీ ఈడనే ఉండాయి."

అతను వేళ్ళు తిప్పి చూశాడు. "గోరింటాకు పట్టి గీతలు తెలీడం లేదమ్మా. ఎవరు పెట్టింది?"

వీధి వీధంతా నా వైపు చూసింది. నేను పరుగున పోయి నిమ్మకాయ తెచ్చి రుద్దాను. ఆ పులుపుకు రంగు ఇంకా బాగా పండింది.

మిగతా అవ్వల వేళ్ళదీ అదే కథ, కానీ వాళ్ళకు కన్ను చూసే మిషను పనిచేసింది. అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు, అదీ కాలేదు. మర్నాడు ఆమె ధర్మవరం పోవాలి. వాళ్ళ చెల్లెలిని, మా చిన్నవ్వను, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. చెల్లెలి దగ్గరికి వట్టి చేతులతో పోదు, పండ్లకోసం మా నాయనను అడగనూ అడగదు. ఆ పింఛనే ఆమె పౌరుషం.

చివరికి అతను ఫోను ఎత్తి, రెప్ప కొడితేనే మనిషిని గుర్తుపడుతుందని చెప్పి ముఖం చూపించమన్నాడు. "రెప్ప కొట్టవ్వా."

"సర్కారు పనిలో రెప్ప కొట్టొచ్చా అప్పా?" అని అవ్వ ఇంకా బిగుసుకుపోయింది. ఎంత చెప్పినా అంతే. నేను పక్కన నిలబడి ఏడవడం మొదలుపెట్టాను. అది విని అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెప్పలు కొట్టుకున్నాయి. ఫోను ఒప్పుకుంది.

"ఏడ్సద్దులేవే. చేతులు బాగ పండినాయి," అంది నోట్లు కొంగున ముడేసుకుంటూ.

మర్నాడు నేనూ తోడు పోయాను. చిన్నవ్వ మంచంలో నుంచే అక్క చేతులు పట్టుకొని చాలాసేపు చూసింది.

"పాపా, నాకూ పెడతావా?"

పక్కింట్లో అడిగి ఆకు తెచ్చి రుబ్బాను. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి ముందే అడిగాను. "చిన్నవ్వా, పింఛను తీసుకున్నావా?"

"నిన్న రాలేదు. ఈ పొద్దు సాయంత్రం వస్తామన్యారు."

నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. చిన్నవ్వ నన్ను చూసి మెల్లగా నవ్వి, దుప్పటి పక్కకు లాగమంది.

"మిషను కాళ్ళ వేళ్ళు అడగదు గదా. కాళ్ళకు పెట్టు."

పెట్టాను. నడక మరిచిపోయిన ఆ పాదాలు సాయంత్రానికి ఎర్రగా పండాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ వాటిని చూసుకొని చిన్నపిల్లల్లా నవ్వారు. పింఛనూ వచ్చింది, వేలిముద్ర మొదటిసారికే పడింది.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పింఛను చేతికందే దాకా ఏ అవ్వ వేళ్ళకూ గోరింటాకు పెట్టను. కాళ్ళ సంగతి మాత్రం ఈ ప్రమాణంలోకి రాదు.